వేళ్లు కదిలేది నాలుగో దశలోనే: విశాఖలో ఒక ఈఎండీఆర్ థెరపిస్టు పనితీరు

"కళ్ల ముందు వేళ్లు అటూ ఇటూ ఆడిస్తే మనసులో భయం పోతుందట" అన్న మాట విశాఖలో ఈమధ్య బాగానే తిరుగుతోంది. ఆ మాట విని ఎంవీపీ కాలనీలోని ఈ క్లినిక్ మెట్లెక్కినవాళ్లు మొదటి రోజు కాస్త నిరాశపడతారు. వేళ్లు ఆడవు. రెండో రోజూ ఆడవు. చాలామందికి మూడో సిట్టింగులోనో నాలుగో సిట్టింగులోనో గానీ ఆ పని మొదలవదు. మేం ఈ థెరపిస్టుకు మొదటి మార్కులు వేసేది సరిగ్గా అక్కడే.

క్లినిక్ పేరు రాయడం లేదు. ఒక్క మనిషి నడుపుకుంటున్న రెండు గదుల చోటు అది. పైగా ఇక్కడ చూడాల్సింది పేరు కాదు, పని జరిగే తీరు. ఆ తీరు తెలిస్తే సీతమ్మధారలోనైనా గాజువాకలోనైనా ఇంకొకరి దగ్గర కూర్చున్నప్పుడు సరిగా చేస్తున్నారో లేదో మీకే అర్థమవుతుంది.

ఈఎండీఆర్ అంటే ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. అమెరికన్ సైకాలజిస్ట్ ఫ్రాన్సీన్ షపీరో 1987లో దీనికి బీజం వేసి, 1989లో మొదటి అధ్యయనం ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి, అంటే భయంకరమైన ఘటన జరిగాక అది మనసును వదలకుండా వెంటాడే జబ్బుకు, దీన్ని సిఫారసు చేసింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2018లో పెద్దవాళ్ల విషయంలో ఒప్పుకుంది గానీ, యుద్ధరంగంలో మనసుకు తగిలిన గాయాలను పక్కన పెట్టింది. పిల్లలకైతే ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద పనిచేసే సీబీటీ, అంటే ఆలోచనలను, ప్రవర్తనను సరిదిద్దే మాటల చికిత్స, ముందు చేసి చూడమంది. నేవీ కుటుంబాలు ఇంతమంది ఉన్న ఊళ్లో ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

అసలు కళ్లు కదపడం వల్లే పని జరుగుతోందా అన్నది పాత గొడవ. 2001లో వచ్చిన ఒక విశ్లేషణ కళ్ల కదలిక వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదంది. 2013 నాటి మరో విశ్లేషణ లేదు, ఉందంది. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది: ఒక దృశ్యాన్ని మనసులో పట్టుకుని, అదే సమయంలో కదిలే వేళ్లను కళ్లతో వెంబడించాలంటే బుర్రకు రెండు పనులు పడతాయి. రెండూ ఒకే చోటు కోసం తోసుకుంటాయి. ఆ తోపులాటలో దృశ్యం పదును తగ్గుతుంది, తగ్గిన పదునుతోనే తిరిగి లోపలికి వెళ్లి సర్దుకుంటుంది. ఈ మేడమ్ దీన్ని రెండు నిమిషాల్లో చెప్పి, "ఇది వివరణ మాత్రమేనండీ, తేలిపోయిన విషయం కాదు" అని కూడా అంటారు. మెదడులో ఎడమ కుడి భాగాలు కలిసిపోతాయంటూ రంగుల బొమ్మలు చూపించే చోట్లతో పోలిస్తే ఈ మాట ఎంతో నయం.

మొదటి సిట్టింగు మొత్తం వివరాలకే పోతుంది. 20 ప్రశ్నల పీసీఎల్-5 ఫారం నింపిస్తారు. 0 నుంచి 80 మధ్య స్కోరు వస్తుంది. 31-33 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే పీటీఎస్‌డీ కావచ్చని అనుమానం. దాంతోపాటు 28 ప్రశ్నల డీఈఎస్ కూడా. చాలామంది థెరపిస్టులు తొందరలో వదిలేసేది ఈ రెండోదే. మనిషి ఇక్కడే కూర్చుని ఉన్నా మనసు ఎక్కడికో తప్పిపోవడం, చేసిన పని గుర్తులేకపోవడం, తన ఒళ్లు తనది కాదనిపించడం లాంటివి ఎంత తరచుగా జరుగుతాయో ఇది పట్టిస్తుంది. ఆ స్కోరు బాగా ఎక్కువగా ఉన్న మనిషికి నేరుగా వేళ్లు ఆడించారనుకోండి, జ్ఞాపకం కరగదు సరికదా మనిషే జారిపోతారు. మధ్యలో మాట్లాడరు, పిలిస్తే పలకరు. తేరుకోవడానికి గంటలు పడుతుంది. అలాంటివాళ్లకు ఇక్కడ ముందు నెలల తరబడి నిలదొక్కుకునే పనే చేయిస్తారు, అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు.

ఫిట్స్ ఉన్నాయా, ఈమధ్య కంటి ఆపరేషన్ అయిందా, గర్భమా, నిద్రమాత్రలు ఎన్ని వేసుకుంటున్నారు, తాగుడు ఉందా, చచ్చిపోవాలనిపిస్తోందా అన్నీ సూటిగా అడుగుతారు. ఇంకో ప్రశ్న కూడా ఉంది, అది విని మేం నిజంగా మెచ్చుకున్నాం: "కోర్టులో కేసేమైనా నడుస్తోందా?" యాక్సిడెంట్ క్లెయిమో, గృహహింస కేసో ఉండి మీరు సాక్ష్యం చెప్పాల్సి ఉంటే, ఈ చికిత్స తర్వాత ఆ దృశ్యం మసకబారొచ్చు. చెబుతున్నప్పుడు గొంతు వణక్కపోవచ్చు. అవతలి లాయరు దాన్నే పట్టుకోవచ్చు. అందుకని ముందు మీ వకీలుతో మాట్లాడి, వాంగ్మూలం రాతపూర్వకంగా ఇచ్చాక మొదలుపెడదామంటారు. షపీరో పద్ధతిలో ఈ జాగ్రత్త మొదటినుంచీ ఉన్నదే. అడిగేవాళ్లే తక్కువ.

రెండో సిట్టింగు, ఒక్కోసారి మూడోది కూడా, తయారీ. కళ్లు మూసుకుని ప్రశాంతమైన చోటు ఒకటి ఊహించుకోమంటారు. విశాఖలో ఎవరిని అడిగినా ముందు బీచే వస్తుంది నోటికి, ఆర్కే బీచో రుషికొండో భీమిలో. ఇక్కడే ఒక చిక్కుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడి కిటికీ అద్దాలు పగులుతుంటే మంచం కింద దూరినవాళ్లకు, సముద్రంలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లకు అలల హోరు ప్రశాంతం కాదు. పైకి బీచ్ అని చెబుతారు, ఊహించుకోగానే భుజాలు బిగుసుకుంటాయి. ఈ థెరపిస్టు నోటిమాటను నమ్మరు, భుజాలు చూస్తారు. రెండు మూడు చోట్లు ప్రయత్నించి ఏదీ కుదరకపోతే చోటు మానేసి పని అడుగుతారు: మల్లెపూలు కట్టడం, పప్పులో రాళ్లు ఏరడం, సింహాచలం మెట్లు ఒక్కొక్కటే ఎక్కడం. చేతులకు తెలిసిన పని చోటుకన్నా గట్టిగా నిలబడుతుంది.

తర్వాత సీతాకోకచిలుక కౌగిలి నేర్పుతారు. చేతులు ఎదమీద ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేసుకుని, వేళ్ల కొసలు మెడ ఎముకల కింద ఆనించి, కుడి ఎడమలు మార్చిమార్చి నెమ్మదిగా తట్టుకోవడం. 1997లో పౌలీన్ తుపాను మెక్సికోను కొట్టాక, అకాపుల్కోలో బతికి బయటపడ్డవాళ్లతో పనిచేస్తూ లూసీనా ఆర్టిగాస్ తయారుచేసిన పద్ధతి అది. తుపానులో పుట్టింది మన తీరానికి సరిపోవడంలో వింతేముంది.

జ్ఞాపకం ముంచుకొచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పడానికి అంతటా వాడే పోలిక రైలు కిటికీ. ఇక్కడ దాన్ని అరకు బండిగా మార్చారు. 58 సొరంగాలున్న లైను అది. చీకటి మీద పడుతుంది, చెవులు దిబ్బడ వేస్తాయి, అయినా బండి ఆగదు, అవతల వెలుతురు వస్తుంది. మీరు దిగనక్కర్లేదు, చూస్తూ కూర్చుంటే చాలు. ఆపాలనిపిస్తే చెయ్యెత్తాలి, "ఆపండి" అన్న మాట ఆ క్షణంలో గొంతు దాటకపోవచ్చు కాబట్టి. ఆ చెయ్యెత్తడాన్ని కూడా ముందే రెండుసార్లు ప్రాక్టీసు చేయిస్తారు.

వివరాలు, తయారీ అయ్యాక మూడో దశ కొలతలది, తెలుగులో అన్నిటికన్నా కష్టమైనది. ఒక్క జ్ఞాపకాన్ని తీసుకుని, అందులో అన్నిటికన్నా కెలికే బొమ్మ ఏదో తేల్చుకోవాలి. ఆ బొమ్మ చూస్తున్నప్పుడు మీ గురించి మీకు కలిగే చెడ్డ నమ్మకాన్ని ఒక్క వాక్యంలో పెట్టాలి. "భయమేసింది" నమ్మకం కాదు, అది భావం. "లారీవాడు చూసుకోలేదు" కూడా కాదు, అది జరిగిన సంగతి. "అంతా నా ఖర్మ" అన్నది మనవాళ్ల నోట మొదట వచ్చే జవాబు. ఇంగ్లీషు నుంచి తర్జుమా చేసిన నమ్మకాల పట్టీ ముందు పెట్టుకుని పనిచేసే థెరపిస్టు దాన్నే రాసేసుకుంటాడు, అంతటితో సగం పని చెడుతుంది. ఖర్మ అన్నది తలుపు మీద వేసిన గొళ్లెం. ఈమె దాని వెనక్కి వెళ్తారు: "ఖర్మే అనుకుందాం. ఆ ఖర్మ పట్టిన మనిషి ఎలాంటిదమ్మా?" అప్పుడు వస్తుంది అసలు మాట. "నేను దేనికీ పనికిరాను." లేదా, "నా తప్పే."

ఉదాహరణకు హనుమంతవాక జంక్షన్‌లో బండి మీంచి పడి, వెనక కూర్చున్న తమ్ముడికి కాలు విరిగిన సంగతి అనుకుందాం. బొమ్మ: రోడ్డు మీద ఒక్కటే పడి ఉన్న చెప్పు. చెడ్డ నమ్మకం: "నా తప్పే." దాని స్థానంలో ఏది నమ్మగలిగితే బాగుంటుందో అదీ రాసుకుంటారు: "నా చేతిలో ఉన్నది నేను చేశాను." ఈ రెండోది ఇప్పుడు ఎంతవరకు నిజమనిపిస్తోందో 1 నుంచి 7 వరకు చెప్పాలి; మొదట్లో 2 దగ్గర ఉంటుంది. బాధ ఎంతో 0 నుంచి 10లో చెప్పాలి. 8, 9 అంటారు. ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది? "గొంతులో ఉండకట్టినట్టు." అంకెలతో ఇబ్బందిపడే పెద్దవాళ్లను రూపాయిలో ఎన్నణాలని అడుగుతారు. పదహారణాల బాధ, పన్నెండణాల బాధ అని వాళ్లు తడుముకోకుండా చెప్పేస్తారు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ అంకె అప్పటి బాధది కాదు, ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని తలుచుకుంటే కలిగే బాధది. ఈ తేడా చెప్పకుండా అడిగితే అందరూ 10 అనే అంటారు, సిట్టింగయ్యాక కూడా 10 అనే అంటారు, చికిత్స పనిచేయలేదనుకుంటారు.

ఇక నాలుగో దశ, వేళ్లు. రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉండవు. ఇరుకు సందులో రెండు ఆటోలు ఒకదాని పక్కనుంచి ఒకటి దాటుతున్నట్టు పక్కవాటుగా, భుజం పక్కన భుజం వచ్చేలా వేస్తారు. మొహంలోకి మొహం పెట్టి చూడాల్సిన మొహమాటం ఉండదు, చెయ్యి ఆడించడానికి చోటూ దొరుకుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి, కళ్లకు అడుగు దూరంలో, 30 నుంచి 35 సెంటీమీటర్లు. తల కదలకూడదు, కళ్లే కదలాలి. ఒకసారి అటు వెళ్లి ఇటు వస్తే ఒకటి. అలాంటివి దాదాపు 24 కలిపితే ఒక సెట్టు. ఒక్కొక్కటి సుమారు ఒక సెకను. నెమ్మదిగా, చూడముచ్చటగా ఊపితే లాభం లేదు. బుర్రకు అది పనే కాదు, జ్ఞాపకం హాయిగా పాత పదునుతోనే ఉంటుంది. కళ్లకు అందనంత వేగంగా ఊపితే చూపు గెంతుతుంది, తలనొప్పి వస్తుంది. అసలు సెట్టుకు ముందు వేగం, దూరం, ఎత్తు మూడూ సరిచూసుకోవడం ఈమె ఎప్పుడూ మానరు.

సెట్టు అయ్యాక, "వదిలేయండి. ఊపిరి తీసుకోండి. ఇప్పుడేం వస్తోంది?" అంతే. జవాబు ఏదైనా సరే, "దాన్నే పట్టుకుని వెళ్లండి" అని మళ్లీ వేళ్లెత్తుతారు. చెప్పు పోయి ఆసుపత్రి ఫినాయిలు వాసన వస్తుంది, అది పోయి చిన్నప్పుడు తమ్ముడు చెరువులో జారినప్పుడు అమ్మ తిట్టిన తిట్టు వస్తుంది. సంబంధం లేనట్టుంటుంది గానీ ఉంటుంది. "నా తప్పే" అన్న మాట వేరు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేకపోవడం ఈ పద్ధతిలో పెద్ద సుఖం. ఆడవాళ్లు నోరు తెరిచి చెప్పలేని సంగతులున్న చోట అది చిన్న విషయం కాదు. ఈ ఖాళీల్లో థెరపిస్టు వ్యాఖ్యానాలు మొదలుపెడితే, "అవునండీ, అమ్మలు అంతే కదా" లాంటివి, తీగ తెగుతుంది. ఈమె మాట్లాడరు. మేం చూసినంతలో ఇది నేర్పరితనం కన్నా నిగ్రహం.

రెండు మూడు సెట్లు వరుసగా అదే మాట, అదే ఏడుపు, అంకె కదలకపోతే బండి సొరంగంలో ఆగిందన్నమాట. అప్పుడు ముందు అడ్డంగా ఆడిస్తున్న వేళ్లను ఐమూలగా మారుస్తారు, వేగం మారుస్తారు. అప్పటికీ కదలకపోతే ఒక్క ప్రశ్న వేస్తారు: "ఇదే మీ చెల్లెలికి జరిగి ఉంటే, తప్పు తనదే అంటారా?" జవాబు మీద చర్చ పెట్టరు, "దాని గురించి ఆలోచించండి" అని సెట్టు మొదలుపెడతారు. ఈ ప్రశ్నలు పొదుపుగా వాడాలి. ప్రతి సెట్టుకూ ఒకటి వేస్తే అది మామూలు కౌన్సెలింగ్ అయిపోతుంది, వేళ్లు అలంకారానికి మిగులుతాయి.

బాధ 0కో 1కో దిగాక మంచి నమ్మకాన్ని ఆ బొమ్మతో కలిపి పట్టుకోమని చిన్న సెట్లు చేస్తారు, అది 7కు చేరేదాకా. తర్వాత తలనుంచి కాళ్లదాకా ఒళ్లంతా తడుముకుని చూడమంటారు. గొంతులో ఉండ ఇంకా కాస్త మిగిలితే పని మిగిలినట్టే.

మా ఫిర్యాదు మొదలయ్యేది ఇక్కడ. 60 నిమిషాల సిట్టింగు 1,500 రూపాయలు, 90 నిమిషాలది 2,200. రీప్రాసెసింగ్‌కు, అంటే వేళ్లు ఆడించే పనికి, 90 నిమిషాలుంటేనే మేలు. కానీ సాయంత్రం 6 తర్వాత 60 నిమిషాల స్లాట్లే ఇస్తున్నారు, ఉద్యోగస్తులకు దొరికేవి అవే. దాంతో 9 దగ్గర మొదలైన బాధ 5 దగ్గర ఉండగానే గడియారం చూడాల్సొస్తోంది. న్యాయంగా చెప్పాలంటే ఆఖరి 15 నిమిషాలూ ముగింపుకు కచ్చితంగా వదులుతారు. పెట్టె ఒకటి ఊహించి మిగిలిన సరుకు అందులో వేసి తాళం వేయించడం, ప్రశాంతమైన చోటుకో పనికో తిరిగి తేవడం, అన్నీ చేసే పంపుతారు. సగంలో ఆగిన సిట్టింగు ప్రమాదం కాదు, కానీ ఆ వారం బరువుగా గడుస్తుంది. అదే పని ఆరు సిట్టింగుల బదులు తొమ్మిదికి సాగుతుంది, ఖర్చూ కాస్త పెరుగుతుంది. ఒకే ఒక్క ఘటన ఉన్న పెద్దవాళ్లకు మామూలుగా చెప్పే లెక్క 8 నుంచి 12 సిట్టింగులు. చిన్నప్పటినుంచీ పోగుపడ్డ గాయాలకు ఏ లెక్కా చెప్పలేం; చెప్పేవాళ్లను నమ్మకండి.

రెండో ఫిర్యాదు, సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది. మాటలన్నీ చక్కటి తెలుగులో నడిపే చోట సంతకం మాత్రం అర్థంకాని కాగితం మీద పెట్టించడమేమిటి? మూడోది గది. రోడ్డు వైపు కిటికీ; స్కూలు వదిలే వేళ హారన్లు. హారనే గుండెదడ తెప్పించే మనిషికి అది ఒక్కోసారి పనికొస్తుందేమో గానీ మిగతావాళ్లకు చిరాకే.

ఆన్‌లైన్‌లో కూడా చేస్తారు, తెర మీద బంతి కదులుతుంది. కుదిరితే వద్దనే అంటాం. కరెంటో నెట్టో సెట్టు మధ్యలో పోతే మీరు ఒక్కరే ఉంటారు. పైగా పక్కగదిలో అత్తగారు టీవీ చూస్తున్న ఇంట్లో గట్టిగా ఏడవడం కుదిరే పని కాదు. తప్పనిసరైతే ఫోన్ చేస్తే పలికే మనిషి నంబరు ముందే ఇచ్చి ఉంచాలి. ఆ నంబరు లేకుండా ఈమె మొదలుపెట్టరు.

సిట్టింగు తర్వాత రెండు మూడు రోజులు వింత కలలు, ఎప్పటివో ముక్కలు గుర్తుకు రావడం మామూలే. ఒక చిన్న నోటుబుక్కులో ఏది కెలికింది, ఏ బొమ్మ, ఏ ఆలోచన, ఏ భావం, ఒంట్లో ఎక్కడ అని అయిదు ముక్కల్లో రాసుకోమంటారు, విశ్లేషించొద్దంటారు. తర్వాతి సిట్టింగు ఆ పుస్తకంతోనే మొదలవుతుంది, పోయినసారి అంకె అలాగే ఉందా పెరిగిందా అని చూసి. పాత ఘటన చల్లబడ్డాక కూడా ఇప్పుడు కెలికేవి, రేపు ఎదురయ్యేవి మిగులుతాయి; హనుమంతవాక మీదుగా మళ్లీ బండి నడపడం లాంటివి. వాటి మీద పనిచేయకుండానే "నయమైపోయింది" అని ఆపేసేవాళ్లు చాలామంది. ఆ తప్పు ఎక్కువగా మనదే, థెరపిస్టుది కాదు.

ఎవరి దగ్గరికి వెళ్లినా రెండు కాగితాలు అడగండి. ఒకటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్, క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే అది ఉండాలి. రెండోది ఈఎండీఆర్ శిక్షణది. ఈఎండీఆర్ ఇంటర్నేషనల్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం ప్రాథమిక శిక్షణకే 20 గంటల పాఠం, 20 గంటల సాధన, తమ కేసులు అనుభవజ్ఞులతో చర్చించే 10 గంటల కన్సల్టేషన్ కావాలి. వారాంతపు వర్క్‌షాపు ఒకటి చేసి బోర్డు పెట్టినవాళ్ల దగ్గర సాధారణంగా లేనిది ఆ చివరి 10 గంటలే. ఈ క్లినిక్‌లో రెండు కాగితాలూ గోడ మీదే ఉన్నాయి. మందులు మాత్రం ఈమె రాయరు, రాయకూడదు కూడా. సైకాలజిస్టుకు, సైకియాట్రిస్టుకు తేడా అదే. వాడుతున్న మాత్రలు చెప్పకుండా ఆపి వెళ్లకండి.

ఇంత ఖర్చు పెట్టలేనివాళ్లకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. ముందు అక్కడ చూపించుకుని రోగనిర్ధారణ చేయించుకోవచ్చు. అర్ధరాత్రి ఉక్కిరిబిక్కిరైతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక అనారోగ్యాన్నీ శరీర అనారోగ్యంతో సమానంగా చూడాలి. కానీ ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి (ఓపీడీ) కవర్ లేని పాలసీలో ఈ సిట్టింగుల బిల్లు రాదు, ముందే కనుక్కోండి.

క్లినిక్ రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఖాళీ కడుపుతో వెళ్లకండి. కాంటాక్ట్ లెన్సులున్నవాళ్లు ఆ రోజుకు కళ్లజోడు పెట్టుకుని రండి, కళ్లు లాగితే ట్యాపర్లు, అంటే కుడి ఎడమలు మార్చిమార్చి అదిరే చిన్న పరికరాలు, చేతుల్లో పెడతారు. బండి ఇంట్లో వదిలి ఆటోలో వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు కనీసం గంటసేపు మీ కళ్లు రోడ్డు మీద ఉండవు.